మళ్ళీ చెప్పు సిస్టర్

ఒక మనిషి ‘సరే’ అంటే ఆ సరే ఎవరిది? నోరు ఆమెదే కనక మాటా ఆమెదే అనుకోవాలా? పక్కన చెయ్యి పట్టుకుని నిలబడ్డవాళ్ళది కావచ్చు. వెనక వరసలో ‘ఇంకెంతసేపు’ అని విసుక్కునేవాళ్ళదీ కావచ్చు. ఇంత వయసొచ్చి, ఇన్ని పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా నాకు జవాబు దొరకలేదు. ఆ జవాబు కోసం తన్ను తాను అరగదీసుకున్న ఒక మనిషి గురించి మాత్రం చెప్పగలను.

ఆమె కుటుంబ నియంత్రణ క్లినిక్కులో సిస్టర్. పిల్లలు చాలనుకునేవాళ్ళకీ, కాస్త ఆగాలనుకునేవాళ్ళకీ ఏయే మార్గాలున్నాయో చెప్పి, లోపల డాక్టరమ్మ దగ్గరికి పంపడం ఆమె పని. నేను అక్కడే మందుల కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. క్లినిక్కు ఒక చెప్పుల దుకాణం మీద ఉండేది. వేసవిలో కింద నుంచి తోలు వాసన, జిగురు వాసన పైకి కొట్టేవి. హాల్లో ఒక పొడుగు బెంచీ, దాని వెనక ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టి చేసిన సిస్టర్ గది. ఆ చెక్క పైకప్పు దాకా పోదు. ఉన్న ఒక్క ఫ్యాను గాలీ అందరికీ తగలాలని సగంలో ఆపేశారు. గాలితో పాటు మాటలూ అందరికీ అందేవి.

సిస్టర్ పొట్టి మనిషి, గట్టి గొంతు. కళ్ళజోడు ముక్కు మీద నిలిచేది కాదు. పెళ్ళి చేసుకోలేదు, అన్న ఇంట్లో ఉండేది. వాళ్ళ వదినకీ ఆమెకీ ఉప్పూ నిప్పూ. "మా వదిన గిన్నెలు కడిగాక అదే చేత్తో నన్నూ కడిగేస్తుంది" అనేది. నన్ను మొదటిరోజు నుంచీ వదినా అనే పిలిచింది. ఇదేం వరసమ్మా అంటే, "ఇంట్లో ఉన్నది ఎలాగూ కుదర్లేదు, ఇక్కడైనా ఒక మంచి వదిన ఉండొద్దా?" అంది.

మొదటి నుంచీ ఆమె అంత శ్రద్ధగా ఉండేదేమీ కాదు. ఆ మాటకొస్తే మా క్లినిక్కులో అందరికంటే చకచకా జనాన్ని పంపేది ఆమే. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ‘రోజూ ఒకటి, రాత్రి పడుకునే ముందు, మానకూడదు, అర్థమైందా?’ అనేది. అవతలి మనిషి గంగిరెద్దులా తలూపేది. తర్వాతి మనిషి. ఇంకో గంగిరెద్దు. మధ్యాహ్నానికల్లా బెంచీ ఖాళీ. డాక్టరమ్మకి ఆమె అంటే మహా ఇష్టం.

ఒకరోజు లారీ డ్రైవరు భార్య వచ్చింది. ఏడాదిగా నా కిటికీ దగ్గరే మాత్రలు తీసుకెళ్తున్న మనిషి. కడుపుతో వచ్చింది.

"మాత్రలు మానేశావా?" అంది సిస్టర్.

"ఒట్టు సిస్టర్, ఒక్కటి కూడా మానలేదు. ఆయన ఇంట్లో ఉన్న రోజు మరిచిపోయిందే లేదు."

"ఆయన లేని రోజు?"

"ఆయన లేని రోజు ఎందుకమ్మా, దండగ!"

బెంచీ అంతా గొల్లున నవ్వింది. మా ఆయా అయితే చీపురు వదిలేసి గోడకి చేరబడి నవ్వింది. "పాపం, దాని లెక్క దానిది" అని నేనూ నవ్వాను. సిస్టర్ గదిలోంచి నవ్వు వినిపించలేదు. సాయంత్రం బల్ల సర్దుకుంటూ, "వదినా, నేను రోజూ అని చెప్పాను. అదీ రోజూ అనే విన్నది. మధ్యలో ఆ మొగుడు ఎప్పుడు దూరాడే?" అంది.

మర్నాటి నుంచి పద్ధతి మారిపోయింది. తోడొచ్చిన వాళ్ళని బయటికి పంపేసేది. తన కుర్చీ ఆ వచ్చినామెకిచ్చి, తను ఎత్తుపీట మీద కూర్చునేది. చెప్పాల్సింది చెప్పాక, "ఇప్పుడు నేను మీ చెల్లెల్ని. ఇంటికొచ్చాను. డాక్టరమ్మ ఏమందే అక్కా అని అడిగాను. ఏం చెప్తావు? చెప్పు" అనేది.

మొదట్లో అందరికీ సిగ్గు. ఒకామె మాత్రం తడుముకోకుండా, "ఏం చెల్లెమ్మా, నాకంటే ముందే జుట్టు నెరిసిందే, మీ ఆయన బాగా చూసుకోవడంలేదా?" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. తప్పు చెప్తే సిస్టర్ ఇంకోసారి వివరించి, ‘మళ్ళీ చెప్పు’ అనేది. సరిగ్గా చెప్పేదాకా కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు. ఆయా ఆమెకి ‘మళ్ళీచెప్పు సిస్టర్’ అని పేరు పెట్టేసింది. ఆ పేరు కింద చెప్పుల దుకాణం దాకా పాకింది. డాక్టరమ్మ ఒకటి రెండుసార్లు చెక్క పక్కనుంచి తొంగిచూసి, "సిస్టర్, ఇక్కడ బడేమైనా నడుపుతున్నారా? బయట జనం కొట్టుకు చస్తున్నారు" అంది. కొట్టుకు చావడం నిజమే. బెంచీ చాలక నేలమీద కూర్చునేవాళ్ళు. చంకలో పిల్లలు, పనికి టైమైపోతోందని గొణుగుళ్ళు. కానీ మాత్రలు వాడుతూ కడుపుతో వచ్చేవాళ్ళు తగ్గారు. అది నా కిటికీ దగ్గరే తెలిసేది.

ఆ రోజుల్లో గుండీల పిల్ల వచ్చింది.

బట్టల కార్ఖానాలో చొక్కాలకి గుండీలు కుట్టే పని దానిది. వేళ్ళ చివర్లు సూది గుచ్చుకుని గరుకుగా ఉండేవి. అత్త కూడా అక్కడే, కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరిస్తుంది. అత్తాకోడళ్ళు కలిసే వచ్చారు. బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. చిన్నప్పుడు వచ్చిన ఏదో జ్వరం ఆ పిల్ల గుండె కవాటాన్ని పాడుచేసిందట. రెండో కాన్పుకే చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. ఇంకోసారి కడుపొస్తే ఈ గుండె మొయ్యలేదని పెద్దాసుపత్రి వాళ్ళు తేల్చి చెప్పి మా దగ్గరికి పంపారు.

"నీ వయసెంతమ్మా?" అంది సిస్టర్.

"ఇరవై నాలుగమ్మా" అంది అత్త.

"ఆయాసం ఎప్పటినుంచి?"

"రెండోవాడు పుట్టిన దగ్గర్నుంచీనమ్మా" అంది అత్తే.

"పెద్దమ్మా, గుండెజబ్బు నీకా, దీనికా?"

"దానికేనమ్మా."

"మరి నువ్వెందుకు రొప్పుతున్నావు? వెళ్ళి కాసేపు బయట ఊపిరి పీల్చుకో."

అత్త నవ్వుకుంటూనే బయటికొచ్చింది. చెడ్డ మనిషి కాదు. నా కిటికీ దగ్గర నిలబడి, "ఇది నోరులేనిదమ్మా. నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు?" అంది.

లోపల నోరులేని పిల్ల బాగానే మాట్లాడింది. గర్భసంచిలో పెట్టే లూప్ వేయించుకుంటావా అని సిస్టర్ అడిగింది. "వద్దు సిస్టర్. అది పాక్కుంటూ గుండెల్లోకి పోతుందట. అసలే నా గుండె అంతంతమాత్రం" అంది. సిస్టర్ బొమ్మ చూపించి, దారి లేదని, అక్కడే ఉంటుందని ఓపిగ్గా చెప్పింది. అంతా విని ఆ పిల్ల, "అయినా వద్దు" అంది. "అదీ మాట! వద్దంటే వద్దే" అని సిస్టర్ మెచ్చుకుంది. ఈ గుండెతో నీకు ఆపరేషన్‌కి మత్తు ఇవ్వడానికి భయపడుతున్నారు, మీ ఆయన ఆపరేషన్ చేయించుకుంటే నీకు ఏ బాధా ఉండదు కదా, అడిగి చూడు అంది. చెక్క ఇవతల నుంచి అత్త అందుకుంది. "వాడు మూటలెత్తేవాడమ్మా, నడుం పడిపోతే ఇంట్లో పొయ్యెలా వెలుగుతుంది?" పడిపోదని సిస్టర్ గొంతు పెంచి చెప్పింది. ఆలోచించుకుంటామన్నారు. ఈలోగా సూదిమందుకి ఒప్పుకున్నారు. మూడు నెలలకోసారి వేసేది.

"ఇప్పుడు నేను మీ చెల్లెల్ని" అని సిస్టర్ మొదలుపెట్టిందో లేదో ఆ పిల్ల అందుకుంది. "మూడు నెలలకోసారి రావాలి. తేదీ దాటకూడదు. మధ్యలో నెలసరి అటూ ఇటూ అవుతుంది. ఒక్కోసారి ఆగిపోతుంది. ఆగితే భయపడకూడదు, మందు పని చేస్తున్నట్టే."

ఒక్క తొట్రుపాటు లేదు. వాళ్ళు వెళ్ళాక సిస్టర్ నా కిటికీ దగ్గరికి వచ్చి, "విన్నావా వదినా? ఇంత చక్కగా చెప్పినదాన్ని నేను చూడలేదు. డాక్టరమ్మ కూడా ఇలా చెప్పదు" అంది. ముఖం వెలిగిపోతోంది.

తర్వాతి సూదికి ఆ పిల్ల రాలేదు. వచ్చినవాళ్ళతోనే మాకు సరిపోయేది, రానివాళ్ళ గురించి తలుచుకునే తీరిక ఎవరికీ లేదు. సిస్టర్ మాత్రం ఒకటి రెండుసార్లు, "ఆ గుండీల పిల్ల వచ్చిందా వదినా?" అని అడిగింది. బట్టల కార్ఖానా నుంచి వచ్చే మరొకామెతో కబురు పంపింది. పనిలోకి వస్తోంది, బాగానే ఉందట అని కబురొచ్చింది.

చివరికి వచ్చింది. సగం మెట్లెక్కి అక్కడే కూలబడిపోయింది. ఆయా, చెప్పుల దుకాణం ఆయన చెరో వైపూ పట్టుకుని పైకి తెచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. చీర మీద కార్ఖానా వాళ్ళిచ్చే వదులు చొక్కా తొడుక్కుంది కానీ ఏ చొక్కా దాచగలదు? కడుపు బాగా పైకొచ్చేసింది.

సిస్టర్ ఆమె ముందు నేలమీద కూర్చుండిపోయింది. "ఎందుకు రాలేదమ్మా? ఎందుకు రాలేదు?"

"మీరే అన్నారుగా సిస్టర్. నెలసరి ఆగితే మందు పని చేస్తున్నట్టేనని." మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "ఆగే ఉంది. నెలనెలా చూసుకున్నాను. ఆగే ఉంది. మందు ఇంకా పని చేస్తోందనుకున్నాను. మళ్ళీ మొదలయ్యాక వద్దామనుకున్నాను. సెలవు ఇవ్వరు కదా. మొన్న లోపల కదిలింది."

మందు ఎప్పుడో అయిపోయింది. ఆగింది కడుపు వల్ల. ఆ పిల్ల దాన్నే మందు అనుకుని నెలనెలా నిశ్చింతగా ఉంది.

"మూడు నెలలకి రావాలని కూడా నువ్వే చెప్పావు కదమ్మా! ఈ నోటితోనే చెప్పావు కదా!"

"చెప్పాను. అది అందరూ చెప్పేదేగా సిస్టర్."

"అందరూ అంటే?"

ఆ పిల్ల బెంచీ వైపు చూసింది. బెంచీ మీదున్న వాళ్ళు తలలు దించుకున్నారు. అప్పుడు మాకు తెలిసింది. చెక్క మీదుగా వచ్చిన మాటలన్నీ ఎప్పటినుంచో బెంచీ నేర్చేసుకుంది. ముందున్నవాళ్ళు వెనకవాళ్ళకి చెప్తారు. ఆమె చెల్లెల్నంటుంది, నువ్విలా చెప్పెయ్యి, తొందరగా వదిలేస్తుంది. సిస్టర్ లోపల వింటూ మురిసిపోయినవన్నీ చిలకపలుకులు.

ఆ రోజే ఆమె దగ్గరుండి ఆ పిల్లని పెద్దాసుపత్రిలో చేర్పించింది. ఆ తర్వాత డ్యూటీ దిగగానే అటే పరుగు. కడుపు తీసేసినా ప్రమాదమే, ఉంచినా ప్రమాదమే అన్నారు గుండె డాక్టర్లు. ఈ డాక్టరు కాదంటే ఆ డాక్టరు, ఆయనా కాదంటే ఆయన పై ఆయన. ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్ళ వెంట పడింది. "చేతులు కాలాక వచ్చి నన్ను ఆకులు పట్టుకోమంటే ఎలాగమ్మా?" అన్నాడట ఒకాయన. కసిరినట్టు కాదు, ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయని చెప్పింది.

ఒక సాయంత్రం నేనూ వెళ్ళాను. ఆ పిల్లకి వెనక మూడు దిళ్ళు పెట్టి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి అందదు. సిస్టర్‌ని చూడగానే, "మీరు ఏడవకండి సిస్టర్. పాఠం బాగానే చెప్పాను కదా, నాదే బుర్ర" అని నవ్వబోయింది. దగ్గొచ్చింది. బయట వరండాలో మొగుడు నిలబడి ఉన్నాడు. పెద్ద భుజాల మనిషి, చిన్నపిల్లాడిలా గోడ గీకుతున్నాడు. మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు.

"సిస్టర్, ఆ మగవాళ్ళ ఆపరేషన్ నాకు ఇప్పుడు చేసేయమనండి. ఇవాళే చేసేయమనండి. నేనిప్పుడు చేయించుకుంటే దానికేమైనా ఉపయోగమా?"

ఎవరికైనా ఏదైనా చెప్పడమే జీవితమంతా పనిగా బతికిన మనిషి సిస్టర్. అతని చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కొన్నాళ్ళకి ఒక ఉదయం, నొప్పులు రాకముందే, ఆ పిల్ల పోయింది. లోపలి బిడ్డా దక్కలేదు.

సిస్టర్ పనికి సెలవు పెట్టలేదు. వస్తూనే తను, ఆయా కలిసి బెంచీని హాల్లోంచి ఈడ్చుకెళ్ళి బయట మెట్ల మీది వరండాలో వేశారు. ‘మళ్ళీ చెప్పు’ అనడం మానేసింది. ఇప్పుడు వేరే అడిగేది. "ఏం జరిగితే నువ్వు రాలేవు? నేను చెప్పినదాంట్లో నువ్వు నమ్మనిది ఏది?" ఇది బెంచీ నేర్పలేని ప్రశ్న. ఎవరి జవాబు వాళ్ళదే. ఒకామె సూపర్‌వైజరు వదలడంది. ఒకామె, మా ఆయనకి తెలియదు, తెలిస్తే చంపేస్తాడంది. ఒకామె ఏమీ చెప్పకుండా చాలాసేపు ఏడ్చి లేచి వెళ్ళింది, ఇంకోరోజు వచ్చి చెప్పింది. డాక్టరమ్మ ఈసారి బడి మాట ఎత్తలేదు. కార్ఖానాలకి సెలవున్న రోజు కూడా క్లినిక్కు తెరవడానికి పైవాళ్ళతో పోట్లాడి ఒప్పించింది.

మంచి మార్పే. కానీ సిస్టర్ మిగల్లేదు. ఆ గట్టి గొంతు ఎక్కడికి పోయిందో, చెక్క ఇవతలికి ఒక్క ముక్కా వినిపించేది కాదు. మాతో కూర్చుని టీ తాగడం మానేసింది. ప్రతి మనిషి వెళ్ళాకా నా దగ్గరికి వచ్చి, "ఈమె నిజమే చెప్పిందంటావా వదినా?" అని అడిగేది. నిజమే చెప్పిందిలే అంటే, "నీకెలా తెలుసు?" అనేది. ఒకసారి ఒకామె మెట్లు దిగి వెళ్ళిపోయాక, ఏదో అనుమానమొచ్చి ఆమె వెనక వీధిలోకి పరిగెత్తింది. బస్సెక్కుతున్న మనిషిని రెక్క పట్టుకుని దింపి, "నువ్వు సరేనన్నది ఎందుకని? నేను బాధపడతాననా?" అని అడిగిందట. ఆ మనిషి హడలిపోయింది. మర్నాడు నేను మందలించాను. "వాళ్ళనీ భయపెట్టి నువ్వూ పిచ్చిదానివైపోతావా? అందరి కడుపులూ నువ్వొక్కదానివే కాపలా కాస్తావా?"

"ఆ ముక్క నేనే అన్నాను వదినా" అంది. "మందు పని చేస్తున్నట్టే అని. భయపడొద్దని అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నాను. భయపడి ఉంటే వచ్చేది."

ఆ మధ్యాహ్నమే గుండీల పిల్ల అత్త వచ్చింది. చిక్కి సగమైంది. మందుల కోసం రాలేదు, వరసలో నిలబడలేదు. తిన్నగా సిస్టర్ గది ముందుకి వచ్చి నిలబడింది. సిస్టర్ ఆమెని చూసి లేచి, పట్టుకుని తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. కిటికీ వదిలి నేనూ వెళ్ళి చెక్క పక్కన నిలబడ్డాను.

"పిల్లలెలా ఉన్నారు పెద్దమ్మా?"

"ఉన్నారమ్మా. చిన్నవాడు రోజూ గుమ్మం దగ్గరే. నీకొక మాట చెప్పి పోదామని వచ్చాను. చెప్పకపోతే నాకు ముద్ద దిగడం లేదు."

"చెప్పు పెద్దమ్మా."

"దానికి ఆ మాటలు నేర్పింది నేనేనమ్మా. ఆ రోజు బెంచీ మీద. లోపల నువ్వు అడుగుతున్నవన్నీ విన్నాను. ఇదిగో ఇలా అడుగుతారు, ఇలా చెప్పు అని వరసగా చెప్పించాను. తప్పు చెప్తే మళ్ళీ చెప్పించాను. మధ్యాహ్నం పనికి అందుకోకపోతే ఇద్దరినీ తీసేస్తామన్నారు. అది ఏదో అడగబోయింది కూడా. మూడు నెలలకి ఎందుకత్తా, ఆగితే ఆగినట్టేగా అని. అవన్నీ అడుగుతూ కూర్చోకు, నేర్పింది చెప్పేసి రా అన్నాను. అడగనిచ్చి ఉంటే నువ్వు చెప్పేదానివి కదమ్మా? చెప్పేదానివి కదా?"

ఆమె సిస్టర్ రెండు చేతులూ పట్టుకుంది. దారాలు కత్తిరించే కత్తెర ఒరిసి కాయకాచిన బొటనవేలు. సిస్టర్ చేతులు వదిలించుకోలేదు. ‘నీ తప్పు కాదు పెద్దమ్మా’ అంటుందని చూశాను. అనలేదు. "నువ్వు నేర్పింది నా మాటే పెద్దమ్మా" అంది. అంతే. ముసలామె ఏడ్చింది. ఈమె ఏడవలేదు. మంచినీళ్ళు తెచ్చి తాగించింది. మెట్ల దాకా చెయ్యి పట్టుకుని నడిపించి, ఆయాని తోడిచ్చి బస్సెక్కించమంది.

తర్వాత గదిలోకి వెళ్ళి వరండాలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచింది. ఎవరినీ తొందరపెట్టలేదు. నా కిటికీ దగ్గరికి రాలేదు, నిజమే చెప్పిందంటావా అని అడగలేదు. కాస్త కుదుటపడిందేమో అనుకున్నాను. అందరూ అయ్యాక చేతులు కడుక్కుంది. వచ్చినవాళ్ళకి ఇచ్చే తన కుర్చీని తడిగుడ్డతో తుడిచింది. మెడలోని పేరుబిళ్ళ తీసి బల్ల సొరుగులో పెట్టింది.

నేనప్పుడు ఒక అమ్మాయికి మాత్రలిస్తూ ఏ రంగువి ఎప్పుడో చెప్తున్నాను. సంచీ భుజానికి తగిలించుకుని సిస్టర్ నా ముందు నుంచే వెళ్ళింది. టీకి వెళ్తోందనుకుని, "నాకూ ఒకటి చెప్పవా" అన్నాను. వినిపించుకోలేదు. చెప్పులు తొడుక్కుని కిందికి దిగిపోయింది. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.